బర్గండీ ద్రాక్షతోటలు

ఫ్రాన్సులోని బర్గండీ ప్రాంతమున ద్రాక్షతోటలు చూడబోవునపుడు తోట పేరుతోపాటు యజమాని ఇంటిపేరును గూడ మనము అడుగవలెను. క్లో ద వూజో తోటనే తీసికొందము. పూర్వము క్రైస్తవ సన్న్యాసులు చుట్టును రాతిగోడ కట్టిన యీ 125 ఎకరములు 1889 వరకు చీలలేదు. ఆ యేట పలువురు కొనిరి. నేడు యజమానులు 80 మందికి దగ్గర! 1804 నాటి నెపోలియను ధర్మశాస్త్రము ఆడపిల్లలతో సహా బిడ్డలందరిని సమవారసులను జేసినది. అన్నదమ్ముల పంపకములలో మన చేలకు గట్లు పెరిగినట్లే బర్గండీలో పెక్కు కుటుంబములకు తోటకు కొన్ని వరుసలే మిగిలినవి.

ఇంటి యజమాని మనలను నేలమాళిగకు గొనిపోయి, 228 లీటర్ల ఓకు పీపానుండి గాజు గొట్టముతో ద్రాక్షాసవము తీసి రుచి చూపును. పుక్కిలించి ఉమియుట అచట తప్పుగాదు. పొరుగువాని పీపాలోనిది అదే తోటదైనను రుచి వేరు. ఇక నేల వెల పెరిగినకొలది వారసత్వపు పన్నును పెరుగును. సేద్యము చేయని తోబుట్టువు తన వాటాను సొమ్ముగా కోరినచో, చేయువాడు వరుసలను అమ్ముకొనవలసి వచ్చును. కొనువారు పలుమారు దూరపు ధనికులే.