తెనాలి పిల్లియు సూర్యలంక క్షిపణియు

కార్తీక పౌర్ణమినాడు బాపట్లనుండి సూర్యలంకకు సముద్రస్నానార్థమై పోవు జనసమూహములో ఒకడనై నడచునప్పుడెల్ల నాకు ఒక వింత కనబడుచుండును: ఈవల తడిబట్టలతో ఇసుకలో దీపములు వెలిగించుకొను ముత్తైదువలు, ఆవల కంచెకు వెనుక వైమానికదళమువారి స్థావరము. 2023 డిసెంబరులో అచ్చటనే ఒకే ఆకాశ్ క్షిపణి దళము ఆకాశమున ఎగురుచున్న నాలుగు లక్ష్యములను ఏకకాలమున ఛేదించినదని పత్రికలలో చదివితిమి. ఆ నాలుగింటికిని గురి చూచినది మనుష్యుని కన్ను కాదు. రాడారు అందించు అంకెలను గ్రహించి, ఏ క్షిపణి ఎటు తిరుగవలెనో రెప్పపాటులో పలుమార్లు గణించి చెప్పునట్టి వ్రాతరూపమైన ఆజ్ఞల పరంపర. దానినే మనవారు సాఫ్ట్‌వేరనుచున్నారు.

ఇనుము త్రుప్పుపట్టును, మోకు చివుకును, ఇంజను అరిగి చప్పుడు చేయును. సాఫ్ట్‌వేరునకు మాత్రము ముదిమి లేదు. దానియందలి దోషము వ్రాసిన దినముననే పుట్టి, తనకు తగిన పరిస్థితి సంప్రాప్తమగువరకు చప్పుడు చేయక పండుకొనియుండును. బాపట్లలో రూపొంది 1986లో విడుదలయిన సాంబ మసూరి, అనగా బి.పి.టి. 5204 వంగడము, రైతు చేతికి వచ్చుటకు ముందు పొలములలో పరీక్షకు నిలువవలసివచ్చినది. కాని వరికి పరీక్ష పెట్టుటలో వానయు, ఎండయు, తెగులును తమంతట తామే వచ్చి సాయపడును. ప్రోగ్రామునకు ఆ వానను ఎవరు తేవలెను? పరీక్షకుడే తేవలెను, రాని తుపానును ముందుగా ఊహించి దానిపై కురిపింపవలెను.

అట్లు పరీక్షలో కురియని వాన ఒకటి మన తీరముననే కురిసినది. 1993 సెప్టెంబరు 20వ తేదీన శ్రీహరికోటనుండి మొదటి పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు ఐ.ఆర్.ఎస్.-1ఇ ఉపగ్రహమును మోసికొని లేచినది. మొదటి రెండు దశలును చక్కగా మండినవి. రెండవ దశను విడదీసి వెనుకకు లాగవలసిన చిన్న రాకెట్లు పూర్తిగా పనిచేయకపోవుటచే, విడిపోవు సమయమున వాహనము గట్టిగా కుదుపునకు లోనైనది. అప్పుడు దానిని సరిదిద్దుటకు కంప్యూటరు ఒక పెద్ద ఆజ్ఞను గణింపవలసివచ్చెను. ఆ సంఖ్య తన కేటాయింపబడిన గడిలో పట్టక పొర్లిపోయి, గుర్తు తారుమారై, ధనము ఋణమైనది. నిజాంపట్నము రేవులో మరపడవ నడపువానికి ఈ సంగతి ఇట్లు చెప్పవచ్చును: గాలివాటు హెచ్చినకొలది చుక్కానిని గట్టిగా కుడికి నొక్కుచుండగా, ఒకానొక హద్దు దాటినతోడనే అది ఎడమకు తిరిగినచో పడవ గతి యేమి? రాకెట్టు బంగాళాఖాతము పాలయ్యెను.

ఇందులో గమనింపవలసినదేమనగా, కుదుపు లేనిచో ఆ దోషము బయటపడియుండెడిది కాదు. పరీక్షలన్నియు సాధారణమైన కుదుపులతోనే జరిగినచో ప్రోగ్రాము ప్రతిసారి ఉత్తీర్ణమే. దోషము సవరింపబడిన పిమ్మట, 1994 అక్టోబరు 15న రెండవ పి.ఎస్.ఎల్.వి. తన ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినది.

మనవారు మాత్రమే ఇట్లు చేసిరని నొచ్చుకొనవలసిన పనిలేదు. 1996 జూన్ 4న ఐరోపావారి మొదటి ఏరియాన్-5, ఫ్రెంచి గయానాలోని కూరూనుండి లేచిన తరువాత ఒక నిమిషమైనను గడువకముందే ఛిన్నాభిన్నమైనది. ఏరియాన్-4లో ఏండ్ల తరబడి నమ్మకముగా నడచిన ప్రోగ్రామును ఎత్తి క్రొత్త రాకెట్టులో పెట్టిరి. క్రొత్తది పాతదానికంటె వేగముగా ప్రక్కకు సాగునది. ఆ వేగమును తెలుపు సంఖ్య 32,767ను మించి లెక్కింపలేని పదునారు బిట్ల గడిలో ఇమడలేదు. ప్రధాన యంత్రము చెడినచో ఆదుకొనుటకు రెండవ యంత్రము సిద్ధముగానే ఉన్నది. కాని దానియందును ఉన్నది అదే ప్రోగ్రాము, కావున అది ఇంకను ముందే పడిపోయినది. ఒకే గురువువద్ద ఒకే తప్పుపాఠము వల్లించిన ఇద్దరు శిష్యులలో ఒకనిని రెండవవానికి సాక్షిగా నిలుపుట వంటిదిది.

ఇక తెనాలి కథ. రామకృష్ణ కవి తన పిల్లికి మొదటనే మరిగిన పాలు పెట్టగా, నోరు కాలిన ఆ పిల్లి తరువాత చల్లని పాలను చూచియు పరుగెత్తిపోయినదని మనము చిన్ననాడు విని నవ్వుకొంటిమి. 2022 ఆగస్టు 7న శ్రీహరికోటనుండి లేచిన మొదటి ఎస్.ఎస్.ఎల్.వి. ఆ పిల్లి పనియే చేసినది. రెండవ దశ విడిపోవునప్పుడు కలిగిన కంపము క్షణకాలము త్వరణమును కొలుచు పరికరములను ముంచెత్తినది. అవి వెంటనే తేరుకొన్నవి. కాని ‘తప్పుచెప్పు పరికరమును నమ్మకుము’ అని నేర్పబడిన ప్రోగ్రాము వానినన్నిటిని చెడినవిగా నిశ్చయించి, వాని మాట వినుట మాని, ముందు వ్రాసియిచ్చిన ఆపద్ధర్మ మార్గమును పట్టినది. 356 కిలోమీటర్ల ఎత్తున గుండ్రని కక్ష్య చేరవలసిన ఉపగ్రహములు 356, 76 కిలోమీటర్ల మధ్య దీర్ఘవృత్తమున పడి నిష్ప్రయోజనములయినవి. వానిలో ఒకటైన ఆజాదీశాట్ 75 బడులలోని 750 మంది బాలికలు కూర్చినది. రక్షణకై పెట్టిన జాగ్రత్తయే ఇచ్చట నష్టహేతువైనది. జాగ్రత్తకును పరీక్ష కావలెనని నా అభిప్రాయము. 2023 ఫిబ్రవరి 10న రెండవ ప్రయోగము ఫలించినది. ఆ బాలికల క్రొత్త ఉపగ్రహమును అందులోనే పోయినది.

పరీక్షకుని బల్లవద్ద ఒక్క నియమమును చూతము: ‘విమానము నేలకు దగ్గరగా ఉండి, చక్రములు దిగనిచో గంట మ్రోగవలెను.’ క్రొత్తవాడు ఆ రెండును కల్పించి, గంట మ్రోగినంతనే సంతుష్టుడగును. అనుభవజ్ఞుడు చక్రములు దింపి గంట ఊరకున్నదా అని చూచును. విమానమును పైకెత్తి మరల చూచును. అంతటితో ఆగక, ఎత్తు చెప్పు యంత్రము మూగవోయినచో? ఎత్తు సున్నకంటె తక్కువని చెప్పినచో? మూడు చక్రములలో రెండు దిగి ఒకటి మొరాయించినచో? అని ప్రశ్నించుచు పోవును. ప్రయాణికుల విమానములకు వర్తించు డీవో-178సీ అను ప్రమాణము, ప్రాణములకు ముప్పుతెచ్చు ప్రోగ్రాములలో ప్రతి షరతును తానొక్కటియే మారి ఫలితమును మార్చగలదని నిరూపింపుమనును. వ్రాసినవాడు గాక మరియొకడు దానిని సరిచూడవలెననియు శాసించును. తన వంటకు ఉప్పు చాలినదో లేదో వండినవానికంటె విస్తరి ముందు కూర్చున్నవానికే ముందు తెలియును గదా!

హైదరాబాదులోని రిసెర్చ్ సెంటర్ ఇమారత్‌లో క్షిపణి కంప్యూటరును గదిలోనే ఎగురవేయుదురు. మూడువైపుల తిరుగు బల్లపై దిశామాపకములను బిగించి త్రిప్పుచుండగా, మరియొక కంప్యూటరు గాలిని, గురుత్వమును, లక్ష్యమును లెక్కలతో కల్పించుచుండును; క్షిపణి మెదడు తాను నిజముగానే ఆకాశమున ఉన్నాననుకొని ఆజ్ఞలిచ్చుచుండును. అట్లు అది ఎన్నిమారులు కూలినను ఖర్చయినది విద్యుత్తే. 2019లో మన విక్రమ్ ల్యాండరు చంద్రునిపై కూలిన పిదప, మనవారు చంద్రయాన్-3ను ఏమేమి చెడవచ్చునో ముందుగా ఎంచుకొనుచు కట్టిరి. 2023 ఆగస్టు 23న అది మెల్లగా దిగినది.

గదిలో ఎన్ని తుపానులు కురిసినను, కట్టకడపటి పరీక్ష సముద్రముపైననే జరుగవలెను. రేపల్లెకు తూర్పున కృష్ణ దాటినచో నాగాయలంక మండలము. అందలి గుళ్ళలమోద వద్ద క్షిపణులను పరీక్షించు క్రొత్త కేంద్రము రానున్నది. సూర్యలంకలో కాల్పులు జరుగు దినములలో వేటకు పోరాదని తీరమున చాటింపు వేయుదురు. ఆ దినమున పల్లెకారులు ఇసుకలో వలలు పరచుకొని చిరుగులు అల్లుకొనుచుందురు. ఏ కన్ను తెగినదో వ్రేళ్ళతో తడవి చూచుకొనుచు, నడుమ ఎప్పుడైన తలయెత్తి ఆకాశమువంక చూచుచుందురు.