మీకు తెలుసా? పెట్టె మూత ఉప్పుగాలిని ఆపలేదు

గూడూరు వైపు దమ్ముకి దిగే ట్రాక్టరే అసలైన ఆఫ్‌రోడ్ బండి. దాని సామాను పెట్టెకి బురదతో కంటే బందరు సముద్రపు ఉప్పుగాలితోనే చేటెక్కువ. గాలిలో తేమ 75 శాతం దాటితే, పానాల మీద పేరుకున్న ఉప్పు ఆ తేమను పీల్చుకుని తానే నీరవుతుంది. వాన చుక్క పడకపోయినా తుప్పు పట్టేది అందుకే! మంచినీళ్లతో కడిగి, బాగా ఆరాకే నూనె రాయాలి. గోనెపట్టాలో చుట్టడం మనవాళ్ల అలవాటే గానీ, అది తడిస్తే ఇంకా ముప్పు.

ట్రాక్టరు వెనక ట్రక్కులో కేజ్ వీల్స్, జాకీ లాంటి బరువులను అడుగున పెట్టి తాడుతో బిగించాలి. కాలవగట్టు మీద బండి ఒరిగితే ముందు జారేవి అవే. పిన్నులు, నట్లు మాత్రం మూతున్న డబ్బాలో, సీటు దగ్గరే. చేలో దిగబడ్డాక వెతుక్కునేది వాటినే.