కడుపు చిన్నదైన తర్వాత శాకాహారి ఏమి తినవలెను?

చరకాచార్యులు సూత్రస్థానం 21వ అధ్యాయంలో నిందింపదగిన ఎనిమిది విధాల శరీరాలను పేర్కొని, వానిలో అతిస్థూలుని, అతికృశుని గురించి విశేషంగా వివరించినారు. స్థౌల్యానికి చికిత్స చేయుట కష్టమని, ఆ రెండింటిలో కార్శ్యమే కొంత మేలని కూడా చెప్పినారు. పథ్యము, వ్యాయామము, ఔషధము అన్నీ పాటించినా బరువు తగ్గక మధుమేహం, రక్తపుపోటు, మోకాళ్ళ నొప్పులు, నిద్రలో ఊపిరాడకపోవుట మొదలైన వానితో బాధపడు భారీకాయులకు నేడు ఆధునిక వైద్యులు జీర్ణాశయాన్ని కుదించు శస్త్రచికిత్స చేయుచున్నారు. 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ అను శస్త్రవైద్యుడు ప్రారంభించిన ఈ మార్గం నేడు మన ప్రాంతానికీ చేరువైనది. 240 కిలోల బరువున్న ఒక యువకునికి హైదరాబాదు ఉస్మానియా ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ శస్త్రచికిత్స జరిగినట్లు 2024లో పత్రికలలో వచ్చినది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలవారు ఈ ఆపరేషన్ కోసం సాధారణంగా హైదరాబాదుకో, విజయవాడకో వెళ్ళుచుందురు. కొద్ది రోజులలో ఇంటికి తిరిగి వచ్చెదరు. కత్తి పట్టిన వైద్యుడు చాలా దూరంలో ఉండిపోవును. ఆ తర్వాత రోగి ఆరోగ్యం వంటింటి మీద ఆధారపడును. మాంసం, గుడ్డు ముట్టని కుటుంబమైతే ఆ వంటింటి బాధ్యత మరింత పెద్దది. ఈ వ్యాసం ఆ వంటింటివారి కొరకే.

శరీరంలో జరిగిన మార్పు

ముఖ్యంగా రెండు పద్ధతులు వాడుకలో ఉన్నవి. స్లీవ్ అను పద్ధతిలో జీర్ణాశయంలో సుమారు 75 నుండి 80 శాతం తొలగించి, అరటికాయ వంటి సన్నని గొట్టాన్ని మిగుల్చుదురు. అందులో పట్టునది సుమారు 100 నుండి 150 మి.లీ. మాత్రమే. బైపాస్ అను పద్ధతిలో సుమారు 30 మి.లీ. పట్టు చిన్న సంచిని చేసి, దానిని చిన్నప్రేగు క్రింది భాగానికి కలుపుదురు. మొదటి దానిలో ఆహారం పరిమాణం తగ్గును. రెండవ దానిలో పరిమాణంతో పాటు ఆహారసారాన్ని గ్రహించు శక్తి కూడా తగ్గును.

ఇక్కడ పాఠకులు ఒక విషయం గుర్తింపవలెను. ఆపరేషన్‌కు ముందు ఆ వ్యక్తికి కావలసినది లంఘనం. ఆపరేషన్ తర్వాత అతడు అగ్నిబలం తగ్గి, ధాతువులు క్షీణించు దశలో ఉన్న రోగి. శరీరం చూచుటకు ఇంకా స్థూలంగానే కనపడవచ్చును. అయినను లోపల పోషణ కరువైయుండును. కొవ్వుతో పాటు కండ కూడా కరగును. జుట్టు రాలుట, నీరసం, కాళ్ళ తిమ్మిర్లు, పాలిపోవుట దీని గుర్తులు. జాగ్రత్త లేనిచో అతిస్థూలుడుగా వెళ్ళిన మనిషి ధాతుక్షీణుడుగా మారును. కనుక ఇక మీదట "ఎంత తక్కువ తినవలెను" అను ప్రశ్న మాని, "తినగలిగిన ఆ నాలుగు ముద్దలలో ఏది ముందు" అని అడుగవలెను.

మన విస్తరిలోని లోపం

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలిన నాటి నుండి ఎడమ కాలువ క్రింది మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు వరి మాగాణులైనవి. మిర్యాలగూడ రైస్ మిల్లులకు పేరుపొందినది. పూర్వం మెట్ట పొలాల జొన్నలు, పెసలు, కందులు తిన్న ఇళ్ళలో నేడు మూడు పూటలా సన్నబియ్యమే ప్రధానం. నిండు విస్తరి తినువానికి ఈ లోటు అంతగా తెలియదు. అన్నంతో పాటు పప్పు, పెరుగు కూడా కడుపులోకి పోవును. నాలుగు ముద్దలు మాత్రమే పట్టు కడుపులో ఆ నాలుగూ అన్నమే అయినచో మిగిలినదానికి చోటుండదు. 100 గ్రా. అన్నంలో మాంసకృత్తులు రెండున్నర గ్రాములకు మించవు. ఆపరేషన్ అయినవారికి రోజుకు కనీసం 60 గ్రా. మాంసకృత్తులు కావలెనని నిపుణుల నిర్ణయం.

కాబట్టి విస్తరిలో వరుస మారవలెను. మొదట పప్పు, పనీరు, పెరుగు వంటి మాంసకృత్తులు గలవి. పిదప మెత్తగా ఉడికిన కూర. చివరకు చోటుంటే ఒకటి రెండు ముద్దల అన్నం. పప్పులో అన్నం కలుపుకొను మన అలవాటును, అన్నం కొద్దిగా నంజుకొని పప్పు తినుటగా మార్చుకొనవలెను.

సంసర్జన క్రమం

వమన విరేచనాది శోధన కర్మల తర్వాత రోగికి ఒక్కసారిగా భోజనం పెట్టరాదని మన ఆచార్యులు నియమించినారు. పేయ, విలేపి, యూషము అను వరుసలో పలుచని దాని నుండి చిక్కని దానికి, తేలిక నుండి బరువుకు తీసుకొని పోవుటను సంసర్జన క్రమమందురు. నేటి శస్త్రవైద్యులు ఇచ్చు పట్టిక కూడా ఈ తోవలోనే నడచును. మొదటి ఒకటి రెండు రోజులు తేటనీళ్ళు. రెండు వారాల వరకు చిక్కని ద్రవాలు. నాలుగు వారాల వరకు మెత్తగా మెదిపినవి. ఆరు నుండి ఎనిమిది వారాల వరకు మృదువైనవి. ఆపై సాధారణ భోజనం. మీ శస్త్రవైద్యుడు ఇచ్చిన గడువులు దీనికి భిన్నంగా ఉన్నచో ఆయన మాటే ప్రమాణం.

ఈ క్రమంలో శాకాహారులకు తరచుగా జరుగు పొరపాటు ఒకటున్నది. చారు, రాగిజావ, కొబ్బరినీళ్ళు, బార్లీ నీళ్ళు సులభంగా దిగును. వాంతి కాదు. అందువలన వారాల తరబడి వానితోనే గడుపుదురు. అవి దాహం తీర్చును, కొంత శక్తినిచ్చును. కండను నిలుపు మాంసకృత్తులు వానిలో బహుస్వల్పం.

పెసరకట్టు: చాయపెసరపప్పు 50 గ్రా. దోరగా వేయించి, అర లీటరు నీటిలో మెత్తగా ఉడికించవలెను. పైన తేరిన నీటిని మాత్రమే వంచి ఇచ్చుట మన ఇళ్ళలో అలవాటు. అట్లు చేయరాదు, బలమంతా అడుగున ఉన్న పప్పులో ఉండును. పప్పును బాగుగా మెదిపి, జల్లెడలో వడకట్టి, చిటికెడు శొంఠి, జీలకర్ర పొడి, కొద్దిగా సైంధవ లవణం చేర్చి, దినమంతా కొద్దికొద్దిగా ఇవ్వవలెను. దీనిలో సుమారు 12 గ్రా. మాంసకృత్తులు లభించును.

బలమైన పాలు: వెన్న తీసిన పాలు 200 మి.లీ., అందులో వెన్న తీసిన పాలపొడి 15 గ్రా. పంచదార వద్దు. సుమారు 11 గ్రా. మాంసకృత్తులుండును. పాలు పడక విరేచనాలైనచో పెరుగుగాని, సోయాపాలుగాని వాడవచ్చును.

మొదటి వారాలలో ఇంటి ఆహారంతో 60 గ్రాములు నిండుట కష్టం. వైద్యుడు సూచించిన ప్రోటీన్ పొడిని పాలలోనో మజ్జిగలోనో కలిపి త్రాగుటకు సంకోచింపరాదు. పాలవిరుగుడు నీటి నుండి చేయు వే ప్రోటీన్ శాకాహారులకు అంగీకారమైనదే.

మూడు నెలలు దాటిన తర్వాత

ఒక దినపు నమూనా: పెసలు 40 గ్రాములతో చిన్న పెసరట్టు (9 గ్రా.), పాలు రెండు సార్లు కలిపి 400 మి.లీ. (13 గ్రా.), పనీరు 75 గ్రా. (13 గ్రా.), ముద్దపప్పు 40 గ్రా. పప్పుతో (9 గ్రా.), పెరుగు 200 గ్రా. (6 గ్రా.), నానబెట్టి మెత్తగా తురిమి వండిన మీల్‌మేకర్ ఎండుది 20 గ్రా. (10 గ్రా.). మొత్తం 60 గ్రా. దీనిని ఐదారు చిన్న భాగాలుగా పంచుకొనవలెను. పెరుగు పగటి పూట, పాలు రాత్రి తీసుకొనుట శాస్త్రసమ్మతం.

కూరలలో సొర, బీర, పొట్ల మేలు. తోటకూర, గోంగూర కాడల పీచు, మునగకాయ తొక్క, పచ్చికొబ్బరి, ముద్దకట్టు కొత్తబియ్యపు అన్నం, చపాతీ, మైదా రొట్టె కొందరికి అడ్డుపడును. ప్రతి ముద్దను ఇరవై ముప్పై సార్లు నమలవలెను. అర కడుపు నిండినట్లు తోచగానే చేయి కడుగవలెను.

నీరు త్రాగు విధము

భోజనానికి ముందు నీరు త్రాగిన కృశింతురని, మధ్యలో త్రాగిన సమంగా ఉందురని, చివర త్రాగిన స్థూలింతురని వాగ్భటాచార్యులు సూత్రస్థానంలో చెప్పినారు. అది సంపూర్ణమైన కుక్షి గలవారికి చెప్పిన నియమం. శస్త్రచికిత్స జరిగిన కుక్షికి దానిని అన్వయింపరాదు. ఇక్కడ భోజనంతో నీరు త్రాగినచో ఆహారానికి చోటు పోవును, వాంతి కావచ్చును. భోజనం తర్వాత అరగంట వరకు నీరు త్రాగరాదు. మిగిలిన సమయంలో గుక్కెడు గుక్కెడుగా దినానికి లీటరున్నర నుండి రెండు లీటర్లు పూర్తి చేయవలెను. మే నెల ఎండలలో దీనిని మరువరాదు.

ఆకులో లేనిది

మాంసకృత్తులను వంటింట సమకూర్చవచ్చును. విటమిన్ బి12 సంగతి వేరు. ఇది ఆకుకూరలలోగాని, పప్పులలోగాని, పండ్లలోగాని లేదు. పాలు, పెరుగులలో కొంత ఉన్నది. ఆ కొంతను గ్రహించుటకు సహాయపడు స్రావాలు జీర్ణాశయం నుండే పుట్టవలెను. ఆ జీర్ణాశయమే తగ్గిపోయినది. కనుక బి12ను మాత్రగానో సూదిమందుగానో జీవితాంతం తీసుకొనక తప్పదు. లోపం ముదిరినచో నరములు దెబ్బతినును. ఆ నష్టం కొన్నిసార్లు తిరిగి సరికాదు.

ఇనుము, సున్నము, విటమిన్ డి కూడా అటువంటివే. మునగాకు, నువ్వులు, రాగులు మంచివే; ఆ కొద్ది పరిమాణంలో అవసరం తీరదు. ఇనుము మాత్రకు, సున్నపు మాత్రకు నడుమ రెండు గంటల ఎడముండవలెను. టీ, కాఫీలతో ఇనుము మాత్ర వేసికొనరాదు. నిమ్మరసమో ఉసిరికాయో తోడైన మేలు. మూడవ, ఆరవ, పన్నెండవ నెలలలోను, ఆపై ఏటేటా రక్తపరీక్ష చేయించుకొనవలెను. "నేను శాకాహారిని, ఆకుకూరలు తినుచున్నాను, మాత్రలెందుకు?" అను మాట ఇక్కడ చెల్లదు. మాత్ర వేసికొనుట శాకాహార వ్రతానికి భంగం కాదు. అది ఆ వ్రతాన్ని నిలుపు సాధనం.

గర్భధారణ వయస్సులోని స్త్రీలు ఆపరేషన్ తర్వాత 12 నుండి 18 నెలల వరకు గర్భం ధరింపకుండుట మంచిది. తల్లిలో లేని బి12, ఇనుము, ఫోలిక్ ఆమ్లం బిడ్డకు ఎక్కడి నుండి వచ్చును?

ఇంటి వైద్యంలో మానవలసినవి

మన పత్రికలలో స్థౌల్యానికి చెప్పు యోగాలను ఆపరేషన్ తర్వాత కొనసాగింపరాదు. పరగడుపున తేనె నిమ్మరసం, ఉలవ కషాయం, త్రిఫల, విడంగ చూర్ణం, గుగ్గులు కల్పాలు కొవ్వును కరిగించుటకు చెప్పబడినవి. ధాతువులను నిలుపుకొనవలసిన ఈ దశలో అవి తగవు. తేనె, బెల్లం, లేహ్యాలలోని తీపి, ముఖ్యంగా బైపాస్ అయినవారిలో, వేగంగా ప్రేగులోకి జారి అరగంటలోపు గుండెదడ, చెమట, విరేచనాలు కలిగించును. బతుకమ్మ పండుగ మలీద ముద్దలైనా, పెళ్ళి విందులోని భక్ష్యాలైనా ఇంతే. ఆసవ అరిష్టాలలో సహజంగా పుట్టిన మద్యాంశముండును. అది ఇట్టివారి రక్తంలో త్వరగా చేరును. లోహ భస్మాలను ఇనుము మాత్రకు బదులుగా స్వయంగా వాడరాదు.

ఏకాదశి, శనివారపు ఉపవాసాలను మొదటి సంవత్సరం విడువవలెను. రోగికి ఉపవాస నియమం వర్తింపదని పెద్దలే చెప్పినారు. భక్తి మిగులును, బలం కూడా మిగులును.

అత్యవసర సూచన

రోజుల తరబడి వాంతులైనచో దానిని అజీర్ణమని అల్లం రసంతో సరిపెట్టరాదు. శరీరంలో విటమిన్ బి1 నిలువ రెండు మూడు వారాలకు మించదు. అది అడుగంటినచో నడక తూలుట, చూపు రెండుగా కనపడుట, మతి తప్పుట సంభవించును. ఈ స్థితిలో బి1 ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కించినచో మెదడుకు మరింత హాని కలుగవచ్చును. మన పట్టణాలలో నీరసించిన వానికి ముందుగా గ్లూకోజ్ సీసా పెట్టించుట పరిపాటి. కాబట్టి ఏ వైద్యుని వద్దకు వెళ్ళినా మొదటి మాటగా "కడుపు తగ్గించు ఆపరేషన్ జరిగినది, వాంతులగుచున్నవి, బి1 ఇంజక్షన్ అవసరమా చూడండి" అని చెప్పవలెను. ఈ వాక్యాన్ని ఒక కాగితంపై వ్రాసి, ఆపరేషన్ తేదీ, పద్ధతి పేరు, వాడు మాత్రల జాబితాతో పాటు ఇంటిలో అందరికీ తెలిసిన చోట ఉంచుకొనగలరు.

ఆహారమే మహాభైషజ్యమని మన శాస్త్రం ఉద్ఘోషించుచున్నది. పాత్ర చిన్నదైనప్పుడు అందులో పోయునది సారవంతమై ఉండవలెను. ముందు పప్పు, పెరుగు, పనీరు, తర్వాత కూర, చివర అన్నం, వేళకు మాత్ర, ఏటేటా పరీక్ష. ఈ ఐదింటిని తప్పక పాటించు శాకాహారి ఏ మాంసాహారికీ తీసిపోడు.