తండ్రుల పాఠం విడిచిన జంట

పెళ్ళిసంబంధం కుదుర్చునప్పుడు కులగోత్రాలు, చదువుసంధ్యలు, ఆస్తిపాస్తులు విచారించడం లోకంలో వాడుక. కథలోని జంటను గురించి విచారించునప్పుడు ఆ కొలబద్దలు పనికిరావు. అక్కడ చూడవలసినది స్వభావం ఒక్కటే. కథ ముగిసి కవి కలం దించిన తరువాత ఆ ఇద్దరూ ముప్పది యేండ్లు ఒక కప్పు క్రింద సుఖంగా ఉండగలరా? ఈ ప్రశ్న వేసికొన్న పాఠకునికి పాత్రల అంతరంగం మరికొంత తెలిసివస్తుంది. అందుచేత ఇది వట్టి కాలక్షేపపు ప్రశ్న కాదు.

అమెరికా రచయిత రిచ్ బర్లూ 2003లో అంతర్జాలంలో ఆరంభించిన బొమ్మల కథ ‘ది ఆర్డర్ ఆఫ్ ది స్టిక్’. పుల్లలవంటి కాళ్ళుచేతులు, గుండ్రని తల, రెండు చుక్కల కన్నులు. ఇంతకు మించి ఆ బొమ్మలలో అలంకారం లేదు. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆట నియమాలను వేళాకోళం చేస్తూ మొదలైన ఈ కథ, క్రమంగా వేయికి పైగా భాగాల ఇతిహాసమైనది. 2012లో దీని సంపుటాలను తిరిగి అచ్చువేయుటకు సుమారు 15 వేలమంది పాఠకులు 12 లక్షల డాలర్లకు పైగా సొమ్ము సమకూర్చినారు. బొమ్మల కథ గదా అని చులకన చేయదగినది కాదు.

ఇందులో హేలీ స్టార్‌షైన్ అనే యువతి వృత్తిచేత దొంగ. చేతివాటంలోను, విలువిద్యలోను ఆరితేరినది. ఆమె తండ్రి అయాన్ కూడ దొంగయే. ఎవరినీ నమ్మవద్దన్నది ఆయన కుమార్తెకు నేర్పిన మొదటి పాఠం. హేలీకి బంగారంపై అంతులేని ఆశ ఉన్నట్లు తోటివారికి తోస్తుంది. నిజానికి ఆమె తండ్రి దూరదేశంలో ఒక నిరంకుశుని చెరలో ఉన్నాడు. అతనిని విడిపించుటకే ఆమె కూడబెడుతున్నది. ఈ సంగతి తోటివారికి చాలకాలం చెప్పలేదు. చెప్పుట అంటే నమ్ముట. నమ్ముట ఆమెకు చేతకాదు.

ఎలాన్ ఆ బృందంలోని గాయకుడు. పాటలు పాడి వీరులకు హుషారు కలిగించడం అతని పని. ఎదుటివాడు ఏమి చెప్పినా నమ్ముతాడు. బుద్ధి చురుకుదనం తక్కువ. మనసులో కల్మషం అసలే లేదు. లోకమంతా ఒక కథయని, కథకు తగిన మలుపులు సమయానికి వచ్చి తీరునని అతని గాఢవిశ్వాసం.

ఈ ఇద్దరి పొత్తును చూచి అనుభవజ్ఞులైనవారు పెదవి విరుస్తారు. ఆమె చురుకుకత్తి, అతడు వెన్నముద్ద. మొదట ముద్దుగా తోచిన అమాయకత్వమే పదియేండ్లకు విసుగు పుట్టించదా? అడుగడుగునా అతనిని కాచుకొనే భారం ఆమెపై పడదా? భార్య ఉపాధ్యాయినిగాను, భర్త విద్యార్థిగాను మారిన ఇంట దాంపత్యం నిలువదు. అక్కడ బడి నడుస్తుంది. ఈ ఆక్షేపణ తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. ఒకరి లోపాన్ని మరొకరు పూరిస్తారన్న మాట వినుటకు ఇంపుగా ఉంటుంది. కాని పూరించడం నిత్యవిధి ఐనప్పుడు ప్రేమ అలసిపోతుంది.

ఐతే కథ ఈ ఇద్దరినీ ఉన్నచోటనే ఉండనీయలేదు. హేలీ సంపాదించిన సొత్తు ఒకసారి పోయినది. ఆ దెబ్బకు ఆమె మాట తారుమారైనది. నోరు తెరిస్తే ఒక అక్షరానికి బదులు మరొక అక్షరం వచ్చి, ఎవరికీ అర్థం కాని పలుకులు వెలువడేవి. మనసులోని మాట దాచి దాచి బ్రతికిన మనిషికి ఇంతకంటె తగిన వ్యాధి లేదు. ఎలాన్‌కు కవల సోదరుడు నేల్ ఉన్నాడు. అతడు దుర్మార్గుడు. ఎలాన్ వేషంలో బృందంలో చేరి, హేలీకి దగ్గర కాజూచినాడు. అసలు ఎలాన్ సమయానికి తిరిగివచ్చినాడు. తన ప్రేమను దాచక బయటపెట్టిన నాడే హేలీకి చక్కని మాట మరల వచ్చినది. మందులకు కుదరని జబ్బు ఒక్క నిజంతో కుదిరినది.

పిదప అజూర్ నగరం శత్రువుల పాలైనది. హేలీ ఆ నగరంలోనే చిక్కుకొన్నది. ఎలాన్ ఓడలపై తరలిపోయినాడు. నెలల తరబడి ఒకరి జాడ ఒకరికి తెలియదు. ఆ ఎడబాటులో తెర్‌క్లా అనే యువతి ఎలాన్‌ను ప్రేమించినది. ఆమెపై అతనికి జాలి, స్నేహం ఉన్నవి. ఐనను తన మనసు హేలీదేనని స్పష్టంగా చెప్పినాడు. ఎవరేమన్నా తలయూపే మనిషి, కాదనవలసిన చోట కాదనగలిగినాడు. కాపురానికి కావలసిన బలంలో ఇది మొదటిది.

అసలైన పరీక్ష తండ్రుల రూపంలో వచ్చినది. ఆ ఘట్టాలున్న అయిదవ సంపుటానికి ‘బ్లడ్ రన్స్ ఇన్ ది ఫ్యామిలీ’ అని పేరు. రక్తగుణం వంశంలో పారునని దాని భావం. ఎలాన్ తండ్రి టార్క్విన్ ఒక క్రూరసామ్రాజ్యానికి సేనాధిపతి. కొడుకు వచ్చిన సంబరంలో, పట్టుబడిన బానిసలను తగులబెట్టించి, ఆ మంటలతో కొడుకు పేరు వ్రాయించినాడు. అంతవరకు తండ్రిని మంచివాడని నమ్మిన ఎలాన్‌కు కన్నులు తెరచుకొన్నవి. అటు హేలీ తండ్రి, ఎలాన్ ఎవరి కొడుకో తెలిసి, ఇతనిని నమ్మరాదన్నాడు. చిన్ననాటి పాఠం తండ్రి నోట మరల వినవచ్చినది. హేలీ ఈసారి దానిని అప్పగించుకొనలేదు, ఎలాన్‌ను విడువలేదు.

టార్క్విన్‌కు ఒక వెఱ్ఱి కలదు. ఇది క్రూరుడైన తండ్రికిని వీరుడైన కొడుకుకును జరిగే కథయని, తక్కినవారంతా ఉపపాత్రలని అతని మతం. ఎలాన్‌ను నాయకుని చేయుటకై ఎలాన్ మిత్రులను చంపుటకును వెనుదీయడు. ఎలాన్‌కు కథలంటే ప్రాణం. నాయకపదవి కాళ్ళదగ్గరకు వచ్చినది. ఐనను అతడు దానిని కాలదన్ని, తండ్రి కోరిన ఘనమైన ముగింపు దక్కనీయక, మిత్రులతో వెడలిపోయినాడు.

ఈ జంట అనురూపమా కాదా అన్న ప్రశ్నకు సమాధానం ఇక్కడ దొరుకుతున్నది. ఆమె అనుమానం, అతని నమ్మకం ఎదురెదురు గుణాలు కనుక వీరికి పొసగుతుందనుట సరికాదు. ఆమె తనకు రక్ష అనుకొన్న రహస్యాన్ని వదలుకొన్నది. అతడు తనకు ప్రియమైన నాయకత్వాన్ని వదలుకొన్నాడు. తండ్రి ఇచ్చినదానిని ఎవరికి వారే విడిచినారు. ఒకరు మరొకరిచేత విడిపించలేదు. అందుచేత ఆ ఇంట బడి నడిచే భయం తక్కువ. ఎలాన్ చురుకైనవాడు కాలేదు, కాబోడు కూడ. కాని తెలివి తక్కువతనం వేరు, ఎదుగుదల లేకపోవడం వేరు. మొదటిదానితో కాపురం చేయవచ్చును, రెండవదానితో చేయలేము.

కథారంభ దశలో ఎలాన్ ఒక జోస్యుని వద్దకు పోయి, ఈ కథ సుఖాంతమగునా అని అడిగినాడు. అగును, కనీసం నీ మట్టుకు అని అతడు చెప్పినాడు. ఆ చివరి మాట పాఠకుల గుండెలో ముల్లువలె నిలిచినది. జోస్యం చెప్పిన నాటికి ఎలాన్‌కు ‘నా మట్టుకు’ అనే సుఖం ఒకటి ఉండియుండవచ్చును. హేలీ లేనిదే అతనికి సుఖాంతమనునది ఉండదనగలిగిన యెడల, వారు తగిన జంటయే.