కాలిబాటకు టిక్కెట్టు కొనేముందు మెట్లెక్కి చూడండి

"డాక్టరుగారూ, నాకు ఎత్తంటే భయం. దీనికేమైనా మాత్ర ఉందాండీ?" అంటూ వచ్చారొకావిడ. రిటైరైన టీచరు. వెనకాలే భర్త నవ్వుకుంటూ నిలబడ్డారు. వారి అమ్మాయి స్పెయిన్‌లో కాపురముంటోంది. అక్కడికి వెళ్ళినప్పుడు 'కామినితో దెల్ రే' చూపిస్తానన్నదట. ఫోటో చూసిన దగ్గర్నుంచీ ఆవిడకు నిద్ర లేదు.

ఆ పేరుకు 'రాజుగారి చిన్నబాట' అని అర్థం. మలగా జిల్లాలో గ్వాదల్‌ఓర్సె నది కొండను నిలువునా కోసుకుపోయిన చోట, గోడకు అంటించినట్టు ఉంటుందీ బాట. విద్యుత్కేంద్రం పనివాళ్ళ కోసం 1901-1905 మధ్య వేశారు. 1921లో ఆనకట్ట ప్రారంభానికి వచ్చిన అల్ఫాన్సో రాజు నడిచాడు కనుక ఆ పేరు. తర్వాత పాడుబడి, 1999, 2000లలో కొందరు పడి చనిపోయాక మూసేశారు. కొత్త చెక్కబాట, కంచె, పట్టుకోవడానికి తీగ అమర్చి 2015లో మళ్ళీ తెరిచారు. కనుక ఇప్పుడు పడిపోతామన్న భయం అక్కర్లేదు. మొత్తం నడక సుమారు 7.7 కిలోమీటర్లు, అందులో చెక్కబాట 2.9 కిలోమీటర్లు. కింద నది 100 మీటర్ల లోతున. మూడు నాలుగు గంటలు పడుతుంది. ఒకే దిక్కుగా నడవాలి. సగంలో భయమేసిందని వెనక్కి తిరగడం కుదరదు.

ముందు ఆవిడ ప్రశ్న. ఎత్తులో తల తిరగడం పిరికితనం కాదు. మనం నిలబడడానికి చెవిలోని తూకపు యంత్రమూ, కాళ్ళూ, కళ్ళూ మూడూ సాయపడతాయి. కళ్ళు దగ్గరి వస్తువుల ఆధారంగా శరీరం ఊగకుండా చూస్తాయి. అంచున నిలబడితే కనిపించేవన్నీ దూరానివే. ఆధారం పోతుంది, శరీరం కాస్త ఎక్కువ ఊగుతుంది. దానికి భయం తోడవుతుంది. అంచేత కిందికి చూడక, పక్కనున్న రాతిగోడ మీదో ముందు మనిషి వీపు మీదో చూపు నిలపండి. తీగ పట్టుకోండి. ఫోటో తీయాలంటే నడక ఆపి తీయండి.

నిద్రమాత్ర, భయం తగ్గే మాత్ర మాత్రం వేసుకోకండి. అవి భయంతోపాటు కాళ్ళ పట్టును కూడా తగ్గిస్తాయి. ప్రయాణంలో వాంతులకు వేసుకునే మాత్రలూ మత్తునిస్తాయి. దానికి బదులు రెండో అంతస్తు వరండాలో, భయం సగానికి తగ్గేదాకా రోజూ నిలబడండి. తర్వాత మూడో అంతస్తు. ఆవిడకు అదే చెప్పాను.

"నాకే మందూ అక్కర్లేదు లెండి, నాకు భయం లేదు" అన్నారాయన. ఆయనకు 66 ఏళ్ళు. రక్తపుపోటు ఉంది, చక్కెర వ్యాధి ఉంది. అసలు జాగ్రత్త ఇలాంటివారికే.

రక్తపుపోటుకు నీరుడు మాత్ర వాడేవారికి చిన్న చిక్కొకటుంది. ఆ చెక్కబాట మీద మరుగుదొడ్డి లేదు. అందుకని కొందరు మంచినీళ్ళు మానేస్తారు, కొందరు మాత్రే మానేస్తారు. రెండూ తప్పే. ఆ రోజు మాత్ర ఏ వేళకు వేసుకోవాలో ముందే మీ డాక్టరును అడగండి. ప్రోస్టేటు మాత్రలు వాడేవారు కూర్చుని చటుక్కున లేస్తే కళ్ళు బైర్లు కమ్మవచ్చు. ఆ ప్రాంతంలో వేసవి మన రాయలసీమ ఎండలాంటిది. ఏప్రిల్ గాని, అక్టోబరు గాని మేలు.

చక్కెర వ్యాధికి ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వంటివి వాడేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. చక్కెర పడిపోతే చెమట, వణుకు, గుండెదడ వస్తాయి. ఎత్తుకు భయపడినా అవే వస్తాయి! "భయపడుతున్నాడులే" అని పక్కవాళ్ళు నవ్వుతుంటారు, లోపల చక్కెర పడిపోతూంటుంది. అనుమానం వస్తే ముందు మూడు చెంచాల గ్లూకోజు నోట్లో వేసుకుని, తర్వాత ఆలోచించండి. పొట్లం సంచీలో కాదు, జేబులో ఉండాలి.

రెండు చూపుల కళ్ళద్దాలవారికి కింది గాజులోంచి మెట్లు మసకగా కనిపిస్తాయి. దూరపు చూపు అద్దాలు విడిగా తీసుకెళ్ళండి. చెప్పులు వద్దు, పాతబడిన బూట్లే మంచివి. హెల్మెట్ అక్కడే ఇస్తారు. 8 ఏళ్ళలోపు పిల్లలను రానివ్వరు. వయసు రుజువు చూపాలి. టిక్కెట్టు ముందుగా కొనుక్కోవాలి, సోమవారం సెలవు. విమానం దిగిన మర్నాడే బయల్దేరకండి.

ఇక అసలు పరీక్ష. మా ఆస్పత్రిలో రెండంతస్తుల మెట్లు ఇద్దరినీ ఆగకుండా ఎక్కి దిగమన్నాను. ఆవిడ ఎక్కేశారు. ఆయన మొదటి అంతస్తులో ఆగి ఛాతీ మీద చేయి పెట్టుకున్నారు.

"ఏం లేదండీ, గ్యాసు. నాలుగు నెలలుగా ఉంది. నిలబడితే పోతుంది."

నడిస్తే వచ్చి, నిలబడితే పోయేది గ్యాసు కాదు. గుండె జబ్బుల డాక్టరు దగ్గరికి పంపాను. రక్తనాళంలో పూడిక ఉందని స్టెంటు వేశారు. కొండ బాట సగంలో ఆ నొప్పి వచ్చివుంటే ఎక్కడ కూర్చునేవారు? ఎవరు మోసుకెళ్ళేవారు? ఐరోపాలో ఆపదకు 112 నంబరు ఉంది, నిజమే. కాని ఆ ఇరుకు బాట మీదికి స్ట్రెచరు రావడం తేలిక కాదు.

ప్రయాణం ఆర్నెల్లు వాయిదా పడింది. ఈలోగా ఆవిడ రోజూ ఐదు కిలోమీటర్లు నడిచారు, నాలుగో అంతస్తు దాకా వచ్చారు. మోకాళ్ళకు ఎక్కడం కంటే దిగడమే కష్టం కనుక దిగడమే ఎక్కువ సాధన చేశారు. ఏప్రిల్‌లో వెళ్ళి, చివర వేలాడే వంతెన కూడా కూతురి వీపు చూస్తూ దాటేశారట. ఆయన కింద ఎల్ చోర్రో రైల్వేస్టేషను దగ్గర కాఫీ తాగుతూ ఎదురుచూశారు.

వచ్చే ఏడు తన వంతట. నేనింకా సరేననలేదు.