అత్తగారి ఆకుపొడి, అబ్బాయి ఇన్‌హేలరు

జూన్ నెలలో షమాల్ గాలి మొదలైందంటే ఉమ్ ఘువైలినాలో మేం కిటికీ తెరవడం మానేస్తాం. ఎంత బిగించినా సందుల్లోంచి సన్నటి దుమ్ము వచ్చి పుస్తకాల మీద పేరుకుంటుంది. ఉబ్బసం పిల్లలున్న ఇళ్లలో ఆ రోజులెలా గడుస్తాయో ఆ ఇళ్లవాళ్లకే తెలుసు. మా ఇల్లూ అలాంటిదే.

రెండేళ్ల కిందట మా అత్తగారు రాజమండ్రి నుంచి వస్తూ హార్లిక్స్ డబ్బా నిండా అడ్డసరం ఆకుపొడి తెచ్చారు. మావాడు రోజూ రెండుపూటలా పీల్చే ఇన్‌హేలరులో స్టెరాయిడు ఉందని ఎవరో ఆవిడ చెవిన వేశారు. "పసివాడికి స్టెరాయిడేమిటమ్మా? ఈ పొడి తేనెలో కలిపి నాకించు. మీ మామగారి ఆయాసానికి నేనిదే ఇచ్చేదాన్ని" అన్నారు. పెద్దావిడ మాట. పైగా నాకూ లోలోపల స్టెరాయిడంటే భయమే. ఇన్‌హేలరు సొరుగులో పెట్టేశాను. రెండు వారాలు ఏమీ కాలేదు. మూడోవారంలో ఒక దుమ్ము రాత్రి, మావాడు మంచం మీద ముందుకు వంగి కూర్చుని, "అమ్మా" అన్న ఒక్క మాటను రెండు ఊపిర్లలో అన్నాడు. అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తాం. నెబ్యులైజరు పెట్టాక తెల్లవారుజాముకి కుదుటపడ్డాడు. తప్పు నాది. అత్తగారిది కాదు, ఆకుది అంతకన్నా కాదు.

ఆ తర్వాత స్థిమితంగా కూర్చుని ఈ సంగతులన్నీ చదివాను. చదివినకొద్దీ ఆశ్చర్యం వేసింది. మేం ఆకు ఒకవైపు, ఇన్‌హేలరు ఒకవైపు పెట్టి తగవులాడుకున్నాం గానీ ఆ రెండూ చుట్టాలే.

అడ్డసరంలో వాసిసిన్ అనే పదార్థం ఉంది. దాన్ని 1888లోనే వేరుచేశారు. దాని నిర్మాణాన్ని ఆధారం చేసుకునే 1960లలో జర్మనీవారు బ్రోమ్‌హెక్సిన్ తయారుచేశారు. దాని సంతానమే ఆంబ్రాక్సాల్. మీ ఇంట్లో ఉన్న దగ్గుమందు సీసా తిప్పి చూడండి, ఈ రెండింటిలో ఏదో ఒక పేరు కనిపించవచ్చు. ఇవి కఫాన్ని పలచన చేస్తాయి. అయితే ఉబ్బసానికి మూలం కఫం కాదు, శ్వాసనాళాల గోడల్లోని వాపు. ఆ వాపును అణచి ఉంచేది స్టెరాయిడు. అది మానగానే దాని ఫలం ఒక్కరోజులో పోదు, మెల్లగా తరుగుతుంది. మొదటి రెండు వారాలు ఆకు పనిచేస్తోందని మేం అనుకున్నది అందుకే. (అన్నట్టు, వాసిసిన్‌కు గర్భాశయాన్ని ముడుచుకునేలా చేసే గుణం ఉంది. గర్భిణులు అడ్డసరం జోలికి పోకూడదు.)

ఉమ్మెత్త కథ మన మద్రాసు మీదుగా నడిచింది. ఆయాసానికి ఉమ్మెత్త పొగ పీల్చడం మనదేశంలో పాత అలవాటు. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వైద్యాధికారి జేమ్స్ ఆండర్సన్‌కు ఆ సంగతి తెలుసు. 1802 ప్రాంతంలో అది బ్రిటనుకు చేరింది. ఉమ్మెత్తలోని అట్రోపిన్ ఊపిరి గొట్టాల్ని వదులుచేస్తుంది, మోతాదు మించితే మతి పోగొడుతుంది, ప్రాణమూ తీస్తుంది. ఆ అణువునే కాస్త మార్చి, రక్తంలోకి పెద్దగా దిగకుండా చేసినది ఇప్రాట్రోపియం. ఆ రాత్రి మావాడి నెబ్యులైజరులో సాల్బుటమాల్‌తో కలిపి వేసిన రెండో మందు అదే!

నాకు మరీ నచ్చినది ఈ అరబ్బుదేశాల మొక్క కథ. ఇక్కడి మూలికలవాళ్లకు తెలిసిన ఖిల్లా, మన కొత్తిమీర, వాము కుటుంబంలోది. ఈజిప్టులో ఎప్పటినుంచో వాడుకలో ఉంది. దానిలోని ఖెలిన్ ఊపిరి గొట్టాల్ని సడలిస్తుంది గానీ, పనిచేసేంత మోతాదులో మింగితే కడుపులో తిప్పుతుంది. 1922లో సిరియాలోని అలెప్పోలో పుట్టిన రోజర్ ఆల్తున్యాన్ అనే డాక్టరు స్వయంగా ఉబ్బసం రోగి. ఇంగ్లండులో ఒక మందుల కంపెనీలో చేరి, ఖెలిన్ పోలికతో తయారైన పదార్థాలను ఏళ్ల తరబడి తనమీదే పరీక్షించుకున్నాడు. ఎలాగంటారా? గినీపందుల బొచ్చు తనకు పడదు గనుక దాని సారం పీల్చి, కావాలని ఆయాసం తెచ్చుకుని, ముందుగా పీల్చిన మందు దాన్ని ఎంత ఆపిందో కొలుచుకునేవాడు. 1965లో క్రోమోగ్లైకేట్ అలా తేలింది. వచ్చిన ఆయాసాన్ని అది తగ్గించదు, రాకుండా ఆపుతుంది. యుద్ధకాలంలో విమానం నడిపినవాడు కాబట్టి, ఆ పొడి పీల్చే సాధనంలో చిన్న ప్రొపెల్లరు కూడా పెట్టాడు. ఇప్పుడు స్టెరాయిడు ఇన్‌హేలర్లు వచ్చి ఆ మందు వాడకం బాగా తగ్గింది.

అన్ని ఆకులూ ఇలా పరీక్షలో నెగ్గవు. మన పల్లెల్లో మేకమేయని ఆకంటారే, దాన్ని 1960ల చివర ఢిల్లీలో డాక్టర్ శివపురి బృందం రోజుకొక ఆకు చొప్పున ఆరు రోజులు నమిలించి చూసింది. చాలామందికి ఉపశమనం కనిపించిందని రాశారు. వాంతులు, నోటిపూత కూడా వచ్చాయి. 1979లో మనదేశంలోనే మరొకరు, ఏది మందో ఏది ఉత్తిదో రోగికీ డాక్టరుకీ తెలియకుండా ఇచ్చి చూస్తే తేడా తేలలేదు.

ఇక అసలు విడ్డూరం. మేం భయపడిన స్టెరాయిడు చవకగా తయారవడానికి దారి చూపినది ఒక దుంప. 1940లలో రస్సెల్ మార్కర్ మెక్సికో అడవిదుంపల్లోని డయోస్‌జెనిన్ నుంచి ప్రొజెస్టరోన్ తీశాడు. 1952లో అమెరికాలో ఒక బూజు సాయంతో దాన్ని కార్టిసోన్ వైపు మళ్లించే ఉపాయం దొరికింది. పీల్చే స్టెరాయిడు 1972లో బజారుకొచ్చింది. మాత్రలో మోతాదు మిల్లీగ్రాముల్లో ఉంటుంది, ఇన్‌హేలరులో మైక్రోగ్రాముల్లో. అంటే మిల్లీగ్రాములో వెయ్యోవంతు లెక్క. అదీ నేరుగా ఊపిరితిత్తులకే. ఈ లెక్క ముందే తెలిసుంటే నేను సొరుగు తెరిచేదాన్నే కాదు.

సెలవుల్లో మృగశిర కార్తెకు హైదరాబాదులో చేపప్రసాదం ఇప్పించాలనుకునే కుటుంబాలు మనలో ఉన్నాయి. కొరమీను పిల్లతో మింగించే ఆ మందులో ఏముందో ఇచ్చేవాళ్లు చెప్పరు. వెళ్లేవాళ్లను వద్దనడానికి నేనెవర్ని? ఇన్‌హేలరు మాత్రం పెట్టెలో అడుగున కాక చేతిసంచిలో పెట్టుకోండి, డాక్టరు చెప్పకుండా ఒక్కపూటా మానకండి.

హార్లిక్స్ డబ్బా ఇంకా మా వంటింట్లోనే ఉంది. మావారికి జలుబు చేస్తే అత్తగారి పేరు చెప్పుకుని కషాయం కాస్తాను. ఆవిడ రాజమండ్రి నుంచి ఫోను చేసినప్పుడల్లా మనవడిని మొదట అడిగేది ఒకటే: "మందు పీల్చాక నోరు పుక్కిలించావా లేదా?"