వెనక గోడకు నెమ్ము ఎందుకెక్కుతోంది?

బడి తెరిచే రోజులు దగ్గర పడుతున్నాయంటే అందరికీ ముందు గుర్తొచ్చేది రంగులు. ముందు గోడకు కొత్త రంగు, గేటుకు కొత్త పూత, బోర్డు మీద తెలుగులో బడి పేరు. వెనక గోడ దగ్గరికి మాత్రం ఎవరూ వెళ్లరు. అక్కడ పిచ్చిమొక్కలుంటాయి, విరిగిన బెంచీలుంటాయి, చూరు నీళ్లు ఏళ్ల తరబడి పడి తొలిచిన గాడి ఉంటుంది. అదే గోడను తరగతి గదిలోంచి చూస్తే మోకాలి ఎత్తు దాకా సున్నం పొక్కిపోయి, పెచ్చులు ఊడి, తెల్లటి ఉప్పు పూసి కనిపిస్తుంది. ఏటా గీకిస్తారు, ఏటా పూయిస్తారు. మరుసటి వానాకాలానికి మళ్లీ అదే వరస.

మేస్త్రీని పిలిస్తే "కెమికల్ కొట్టేద్దాం సార్, పదేళ్లు చూడక్కర్లేదు" అంటాడు. అది లోపలి గోడకు వేసే మందు. నీళ్లు వచ్చేది బయట నుంచి. పాత బడుల్లోనూ ఇళ్లలోనూ కనిపించే నెమ్ములో ఎక్కువ భాగం ఎక్కడి నుంచో వచ్చిన నీరు కాదు, మన కప్పు మీద పడి మన గోడ పక్కనే దిగిన వాన. ముందు దాని దారి మార్చి, మందు సంగతి ఆ తరువాత చూడమని మేము అంటాం.

తెలుగు తరగతుల విషయంలో దీనికి ఇంకో లెక్క కూడా ఉంది. రాష్ట్రం బయట మన పిల్లలు చదివే బడుల్లో ఒకే ఆవరణలో రెండు భాషల తరగతులు నడిచేవి ఉన్నాయి. ఒక గది వాడకానికి పనికిరాదని ఇంజనీరు రాసిన రోజున, నలభై మంది ఉన్న తరగతికి ఎలాగో వేరే గది దొరుకుతుంది. తొమ్మిది మంది ఉన్న తెలుగు తరగతి వసారాలోకి వెళుతుంది. జల్లు కొట్టే వసారాలో ఒక వానాకాలం గడిపాక, వచ్చే ఏడు ఆ తొమ్మిది మందిలో ఎందరు మిగులుతారో ఉపాధ్యాయులకు మేము చెప్పనక్కర్లేదు. అందుకే ఈ వెనక గోడ గురించి ఇంత పొడుగ్గా రాస్తున్నాం.

ముందు లెక్క చూద్దాం. ఐదో తరగతి పిల్లలు చేయగలిగిన లెక్కే. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. వరసగా నాలుగు గదులు, ముందు వసారా ఉన్న బడి కప్పు 80 అడుగుల పొడవు, 26 అడుగుల వెడల్పు అనుకుందాం. అంటే సుమారు 190 చదరపు మీటర్లు. ఒక మామూలు గట్టి వాన, 50 మిల్లీమీటర్లు, పడితే 9,500 లీటర్లు. రెండు వాలుల పెంకు కప్పయితే అందులో సగం ముందుకు, సగం వెనక్కు. 4,750 లీటర్ల నీళ్లు వెనక గోడకు అడుగున్నర దూరంలో, ఒకే గీత మీద, ఒక్క వానలో పడతాయి. 2015 డిసెంబరు మొదట్లో చెన్నై దగ్గర తాంబరంలో ఒక్కరోజులో 49 సెంటీమీటర్లు కురిసింది. అదే కప్పుకు ఆ లెక్క వేయమని పిల్లలకివ్వండి. 93,000 లీటర్ల పైన వస్తుంది.

ఆ నీరు నేలలోకి దిగి ఊరుకోదు. ఇటుకకూ సున్నానికీ కంటికి కనిపించని సన్నటి దారులుంటాయి. దీపపు వత్తి నూనె పీల్చినట్టు గోడ కింది తేమను పైకి లాగుతుంది. నీరు గోడ మీద ఆరిపోతుంది, దానిలో కరిగి వచ్చిన ఉప్పు మిగిలిపోతుంది. ఆ ఉప్పు గట్టిపడుతూ పూతను లోపలి నుంచి నెడుతుంది. పెచ్చులు ఊడేది అందుకే. దీన్ని ఆపడానికే కొత్త భవనాల్లో నేలమట్టానికి పైన, గోడ మొదలయ్యే చోట ఒక కాంక్రీటు పొర వేస్తారు, మేస్త్రీలు డీపీసీ అనేది అదే. పాత దాతలు కట్టించిన సున్నపు గోడల్లో చాలావాటికి ఆ పొర ఉండదు. ఉన్నచోట కూడా మనమే దాన్ని చెడగొడతాం. ఎలాగంటే, ఆవరణ బురదగా ఉందని ఏటా మట్టి తోలించి నేలను గది గచ్చు ఎత్తుకు తెచ్చేస్తాం. లేదా గోడకు ఆనించి పూలమొక్కల పాదులు కట్టి రోజూ నీళ్లు పోస్తాం. మట్టి ఆ పొరను దాటి పైకి పోయిందంటే పొర ఉన్నా లేనట్టే. బయటి నేల ఎప్పుడూ దానికంటే కనీసం ఆరు అంగుళాలు కింద ఉండాలి. పూలమొక్కలు ముఖ్యమే, కాంపౌండు గోడ వెంట పెట్టుకోండి.

సున్నపు గోడలకు సిమెంటు పూత పూయించడం గురించి కూడా ఇక్కడే ఒక మాట. సున్నం పూత గోడను ఆరనిస్తుంది. గట్టి సిమెంటు పూత ఆ దారి మూసేస్తుంది. అప్పుడు నెమ్ము ఆగదు, ఇంకా పైకి వెళ్లి పూత లేని చోట బయటపడుతుంది. మోకాలి ఎత్తున ఉన్న మరక నడుము ఎత్తుకు వచ్చిందని కొందరు ఆశ్చర్యపోయేది ఇందుకే.

నల్లరేగడి నేలల్లో కథ ఇంకో రకం. షోలాపూర్, బళ్లారి, రాయచూరు వైపు తెలుగువాళ్లకు ఇది బాగా తెలుసు. "మాకు వానలే తక్కువ, మాకెందుకు" అనుకోవడానికి లేదు. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుని నెర్రెలు విచ్చుతుంది. వాన తక్కువ కాబట్టి తడి, ఎండ మధ్య తేడా ఎక్కువ. చూరు నీళ్లు పడే వైపు పునాది కింది మట్టి ఉబ్బి లేస్తుంది, భవనం నడుమ కింది మట్టి పొడిగానే ఉంటుంది. గోడ మూల నుంచి కిటికీ మూలకు ఏటవాలుగా బీట పడిందంటే ఈ అనుమానం రావాలి. గోడకు దగ్గరగా పెద్ద చెట్టుంటే వేసవిలో వేళ్లు ఉన్న తేమనూ పీల్చి తేడాను పెంచుతాయి. అలాగని చెట్టు కొట్టేయమని మేము చెప్పడం లేదు. రేగడిలో పెద్ద చెట్టును ఒక్కసారిగా తీసేస్తే అది తాగే నీరు మట్టిలోనే ఉండిపోయి నేల మళ్లీ ఉబ్బుతుంది. ఇంజనీరును అడిగి చేయాల్సిన పని అది.

బీట పెరుగుతోందా, ఆగిందా తెలుసుకోవడానికి ఒక పాత పద్ధతి ఉంది. సన్నటి గాజు ముక్కను బీటకు అడ్డంగా పెట్టి రెండు చివరలా ప్లాస్టర్‌తో అతికించి, పక్కనే తేదీ రాస్తారు. గోడ కదిలితే గాజు పగులుతుంది. గాజు పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి. ఏడాది పొడవునా గాజు పగలకపోతే పాత బీటే అని కొంత ధైర్యం, పగిలితే ఆ తేదీతో సహా ఇంజనీరుకు చూపించవచ్చు. "ఎప్పటి నుంచో ఉందండి" అనే మాట కంటే తేదీకి విలువ ఎక్కువ.

ఇక చేయాల్సిన పని. ఇందులో సగం పార, గునపం పనే.

మొదట మంచి వాన కురుస్తుండగా గొడుగు పట్టుకుని భవనం చుట్టూ ఒకసారి తిరగండి. పిడుగులు పడేటప్పుడు వద్దు. నీళ్లు ఎక్కడ పడుతున్నాయి, ఎక్కడ నిలుస్తున్నాయి, ఎటు పోతున్నాయి అన్నది ఎండలో ఎంత చూసినా తెలియదు. డాబా అయితే పైకి వెళ్లి తూములు చూడండి. ఒక బంతి, నాలుగు రావి ఆకులు చాలు, తూము మూసుకుపోయి డాబా చెరువవడానికి. తూము నుంచి దిగే గొట్టం చివర ఎక్కడుందో చూడండి. చాలా చోట్ల అది సరిగ్గా గోడ మూలలో, నేలకు అడుగు పైన ఆగిపోతుంది. డాబా మీది నీళ్లన్నీ పోగుచేసి పునాది మూలలో పోసినట్టే. గొట్టానికి ఒక వంపు, మరో పదడుగుల గొట్టం తగిలిస్తే తీరిపోయే సమస్యకు లోపల ఏటా సున్నం పూస్తున్న బడులు ఉన్నాయి.

పెంకు, రేకు కప్పులకు చూరు వెంట నీటి తొట్టి బిగించడం మంచిదే, కానీ దాన్ని ఏటా శుభ్రం చేసేవాళ్లుండాలి. లేకపోతే ఆకులు నిండి, నీళ్లు వెనక్కి తన్ని నేరుగా గోడ మీదికే వస్తాయి. ఆ మనిషి లేని బడికి తొట్టి కంటే చూరు కింద చప్టా నయం. గోడ వెంట మూడడుగుల వెడల్పు, చూరు నీళ్లు దాని మీదే పడేలా. బయటి అంచు గోడ వైపు కంటే అంగుళంన్నర కిందికి ఉండాలి. చప్టాకూ గోడకూ మధ్య సందును తారుతో మూయించండి, ఈ ఒక్క పని మర్చిపోతే నీరంతా ఆ సందులోంచే దిగుతుంది. రేగడి నేలల్లో పొడుగ్గా ఒకే చప్టా వేస్తే విరిగిపోతుంది, పలకలు పలకలుగా వేసి మధ్య సందుల్లో తారు పోయించాలి. చప్టా దాటాక కూడా నేల బయటికే వాలాలి. పదడుగుల దూరానికి ఆరు అంగుళాల వాలు ఉంటే నీరు వెనక్కి రాదు. పల్లం పూడ్చడానికి ఇసుక వాడొద్దు, నీరు దాన్ని దాటుకుని పునాది దాకా దిగుతుంది. బంకమట్టి కలిసిన గరప మట్టి పోసి దిమ్మిస చేయించండి. రేగడి మాత్రం కాదు. వాలు సరిగ్గా వచ్చిందో లేదో మేస్త్రీలు నీళ్లు నింపిన సన్న గొట్టంతో చూస్తారు. సామాన్య శాస్త్రం మాస్టారు ఆ పూట పిల్లలను బయటికి తీసుకెళ్తే బాగుంటుంది.

వానతో సంబంధం లేని నీరు కూడా ఒకటుంది. మధ్యాహ్న భోజనం తరువాత పిల్లలు పళ్లేలు కడిగే కుళాయిల వరస. వాన ఏడాదికి కొన్ని నెలలే, ఈ కుళాయిలు బడి ఉన్న ప్రతి రోజూ. అవి గోడకు ఆనుకుని ఉండి, కింద కాలువ లేకపోతే, చప్టా ఎంత బాగా వేసినా ఆ మూల ఆరదు. సంపు నిండి పొర్లడం కూడా ఇంతే.

తమిళనాడులో వాననీటి సేకరణ 2003 నుంచి తప్పనిసరి. అది మంచి చట్టం, కానీ ఇంకుడు గుంతను గోడ పక్కనే తవ్విన ఇళ్లు, బడులు ఉన్నాయి. పునాదికి కనీసం పదడుగుల దూరం పాటించాలి. చెన్నైలో మరో చిక్కు రోడ్లది. పొర మీద పొర వేసి రోడ్డు ఎత్తు పెరిగి, ఒకప్పుడు మెట్లెక్కి వెళ్లే ఇల్లు ఇప్పుడు మెట్లు దిగి వెళ్లేదయింది. పాత పొర గీకి తీశాకే కొత్తది వేయాలని 2021లో తమిళనాడు ప్రభుత్వం ఆదేశించింది. మీ వీధిలో రోడ్డు పని మొదలైన రోజున తల్లిదండ్రుల సంఘం వెళ్లి ఆ మాట గుర్తు చేయడం పని అయ్యాక అర్జీ పెట్టడం కంటే తేలిక.

బేస్‌మెంట్ అనే మాట మన దగ్గర తమాషాగా మారింది. అసలు అర్థం నేల కింది గది. మన మేస్త్రీల నోట అది నేల మీదికి కనిపించే పునాది ఎత్తు. కింది గదిని సెల్లార్ అంటారు. మన పాత ఇళ్లలో నిజమైన నేల కింది చోటుకు ఒక ఉదాహరణ మగ్గం గుంట. చేనేత కుటుంబాల పిల్లలున్న బడుల్లో ఉపాధ్యాయులకు ఇది తెలిసే ఉంటుంది. వానకు గుంటలోకి ఊట వస్తే మగ్గం ఆగుతుంది, నూలు చెమ్మగిలుతుంది, ఆ వారం కూలి పోతుంది. గుంటకు ఎంత సిమెంటు పూసినా, ఆ గోడ అవతల చూరు నీళ్లు నిలుస్తుంటే ఊట ఆగదు. బడి గోడకు చెప్పిందే ఇంటి గోడకూ. పునాదిని కన్నడంలో అడిపాయ, మరాఠీలో పాయా, తమిళంలో అస్తివారం, ఒడియాలో మూలదువా అంటారు. చూరు, వసారా, తూము, చప్టా అన్న తెలుగు మాటలతో పాటు వీటిని కూడా పిల్లలు ఒక పేజీలో రాసుకుంటే, ఆ వాన నడకే భాషా పాఠం అవుతుంది.

యానాం వాళ్లకు ఇదంతా సగమే పనికొస్తుంది. 2022 జులైలో గోదావరి పొంగినప్పుడు ఊళ్లోకి వచ్చిన నీటిని ఏ చప్టా ఆపలేదు. నది నీటికి మార్గం భవనం ఎత్తు, గట్టు. వరద తీశాక మాత్రం ఒక జాగ్రత్త ఉంది. అది బెంగళూరు సెల్లార్లకూ వర్తిస్తుంది. నేల కింది గదిలో నిండిన నీటిని మోటారు పెట్టి ఒక్క పూటలో తోడేయకూడదు. బయటి మట్టి ఇంకా నీటితో బరువుగా ఉంటుంది, లోపలి నీరు తీసేస్తే ఆ ఒత్తిడికి ఎదురు ఉండదు, గోడ లోపలికి కూలవచ్చు. రోజుకు కొంత చొప్పున, బయటి నీరు తగ్గుతున్న కొద్దీ తీయాలి.

పని ఎప్పుడు పెట్టుకోవాలన్నది ఊరిని బట్టి ఉంటుంది. కర్ణాటక, మహారాష్ట్రల్లో ఏప్రిల్, మే నెలలు. చెన్నైలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యే పడుతుంది కాబట్టి సెప్టెంబరు చివరి పరీక్షల సెలవుల దాకా వ్యవధి ఉంది. గంజాం వైపు జూన్ వాన ఒకటి, అక్టోబరు తుపాను ఇంకొకటి. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. అక్కడ కిటికీల పైన సన్‌షేడ్‌ల అడుగున నీరు జారిపడే గాడి ఉందో లేదో కూడా చూసుకోవాలి.

పని అయ్యాక గోడకు వెంటనే రంగు వేయించకండి. తడిసిన గోడ మందంలో అంగుళం ఆరడానికి సుమారు ఒక నెల పడుతుంది, తొమ్మిది అంగుళాల గోడకు ఎన్ని నెలలో లెక్క మీదే. వదులైన పూత గీకించి, ఉప్పును పొడి చీపురుతో దులిపించి, ఒక వేసవి దాటనివ్వండి. ఈలోగా ఏదో ఒకటి వేయక తప్పదంటే ఉత్త సున్నమే వేయించండి. అధికారులు తనిఖీకి వస్తే ఆ మరక పక్కన పని చేయించిన తేదీ రాసి ఉంచితే సరిపోతుంది.